చక్రం తిప్పిన చెయ్యి

ముద్దాయి బల్ల మీద వెల్లకిలా పడి ఉంది. నీలం రంగు ప్లాస్టిక్ సబ్బుపెట్టె. దాని పొట్ట మీద ఒక చక్రం, చక్రం కింద ఒక మీట, నెత్తిన ఎర్ర బటను, పక్కటెముకలు ఉండాల్సిన చోట ఒక స్ప్రింగు బటను.

"అరెస్టు చేసేద్దామా మేడమ్?" అన్నాడు కోటు.

"దీని సైజు బేడీలు నా దగ్గర లేవు. ముందు వాంగ్మూలం తీసుకుందాం," అంది ఆరా.

కనిపించిన ప్రతిదాని గురించీ ఆరా తీస్తుంది గనుక ఆమెకు ఆ పేరు స్థిరపడిపోయింది. విజిటింగ్ కార్డు మీద వేరే పేరుంది గానీ దాన్ని ఎవరూ చదవరు. ఎండైనా వానైనా కోటు విప్పడు గనుక అతనికి ఆ పేరు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే ఆఫీసులో ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చున్న డిటెక్టివులు. ఇప్పుడు ఎవరి దుకాణం వారిది. ఎక్కడ ఎదురుపడ్డా ఒకళ్ళ మాట ఒకళ్ళకి పడదు, ఎదురుపడకపోతే ఇద్దరికీ తోచదు.

ఈ కేసులో కోటుని పెట్టుకున్నది హాబీ క్లబ్బు ప్రెసిడెంటు. ఆయన వృత్తికి పళ్ళ డాక్టరు. ఆరాని పెట్టుకున్నది క్లబ్బు హాలుకి సరిగ్గా పైవాటాలో ఉండే దర్జీ అత్తయ్య. అత్తయ్యగారి భర్త వాచీల మావయ్య మీదే ఇప్పుడు నేరారోపణ.

హాలు మధ్యలో మంచమంత యంత్రం. కంప్యూటరు చెప్పినట్టు బిట్టుని, అంటే చెక్కే ములికిని, నడిపి కర్రలో అక్షరాలూ లతలూ చెక్కే సీఎన్‌సీ యంత్రం. వాచీల దుకాణం మూసేశాక మావయ్య దాన్ని ముక్కముక్కగా పోగేసి నిలబెట్టాడు. బిట్టుని వెంట్రుకవాసి జరపాలన్నా మాటిమాటికీ కంప్యూటరు దగ్గరికి పరిగెత్తాల్సి వస్తోందని, చేత్తో పట్టుకుని చక్రం తిప్పితే యంత్రం జరిగేలా ఈ సబ్బుపెట్టెని తయారుచేశాడు. దాన్ని జాగ్ కంట్రోలర్ అంటారని మావయ్య చెప్పాడు, క్లబ్బు వాళ్ళు రిమోటు అనుకున్నారు. ఏ దిక్కుకి జరగాలో మీట నిర్ణయిస్తుంది. వైరు లేదు, హాలులో ఎక్కడ నిలబడి తిప్పినా పనిచేస్తుంది.

నేరం నిన్న టీ వేళ జరిగింది. కొత్త గ్రంథాలయానికి టేకు బోర్డు చెక్కుతున్నారు. కొత్త బిట్టు బిగించి, లోతు సరిచూసుకోడానికి దాని కొస చెక్కకి ఆనించి, అందరూ అద్దాల గదిలోకి టీకి వెళ్ళారు. ఎవరూ ముట్టుకోని యంత్రం దానంతటది కదిలింది. బోర్డు మీద గీత పడింది, బిట్టు విరిగింది. ఈ సాయంత్రం మీటింగు. రిమోటుని చెత్తబుట్టలో వెయ్యాలనీ, మావయ్య ఇక యంత్రాన్ని ముట్టుకోకూడదనీ ప్రెసిడెంటు తీర్మానం సిద్ధం చేసుకున్నాడు.

"ఆయన్ని యంత్రం ముట్టుకోవద్దనడం, ఊపిరి పీల్చుకోవద్దనడం ఒకటేనమ్మాయ్," అని పొద్దున అత్తయ్య ఆరా ముందు కళ్ళొత్తుకుంది. ఆ మాటకే ఆరా మిగతా పనులన్నీ పక్కన పెట్టి వచ్చింది.

"ప్రెసిడెంటుగారూ, యంత్రం కదిలినప్పుడు మావయ్యగారు ఏం చేస్తున్నారు?"

"ఎడంచేత్తో టీ కప్పు. కుడిచెయ్యి ప్యాంటు జేబులో. రిమోటు కూడా ఆ జేబులోనే," అన్నాడు పళ్ళ డాక్టరు.

"విన్నారుగా? కేసు ముగిసింది. నేను ఇంటికెళ్ళి నిద్రపోవచ్చు," అన్నాడు కోటు.

"మీరు కేసు మధ్యలో కూడా నిద్రపోతారుగా, కొత్తేముంది? డాక్టరుగారూ, ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది యంత్రం కదలక ముందా, కదిలాకా?"

డాక్టరు బుర్ర గోక్కున్నాడు. "అదెవరు చూశారమ్మా? నా ధ్యాస బిస్కట్ల మీద ఉంది. కానీ చప్పుడు మాత్రం బాగా గుర్తుంది. రోజంతా డ్రిల్లుతో బతికే చెవులు కదా. ముందు టకటకటకమంది. క్షణం ఆగి, తర్వాత సాగదీసినట్టు కీచుమంది. ఆ వెంటనే టప్పున బిట్టు విరిగింది."

"రెండు రకాల చప్పుళ్ళా?"

"రెండు రకాలే. పంటి మీదైతే మొదటిదానికి పేషెంటు ఓర్చుకుంటాడు, రెండోదానికి కుర్చీలోంచి లేచిపోతాడు."

ఆరా ఆ మాటను బుర్రలో ఒక మూల భద్రపరిచి మావయ్య వైపు తిరిగింది. ఆయన స్టూలు మీద కూర్చుని స్క్రూడ్రైవరుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. బక్కపల్చటి మనిషి. కంటికి అద్దం బిగించుకునే అలవాటు వల్ల ఒక కన్ను ఇప్పటికీ కొంచెం చికిలించే ఉంటుంది.

"మావయ్యగారూ, నిన్న మీరు చక్రం తిప్పారా?"

"ఏమో. గుర్తులేదమ్మా."

"స్ప్రింగు బటను నొక్కి పట్టుకుంటేగానీ చక్రం పనిచెయ్యదని అత్తయ్య చెప్పారు. నొక్కింది గుర్తులేదా?"

"లేదు. నాదే తప్పని రాసేసుకోండి. అందరికీ ఆలస్యమవుతోంది."

ఆ మాట అంటూ పైకప్పు వైపు చూశాడు. పైన అత్తయ్య కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. ఆరాకి చిత్రంగా తోచింది. తప్పు చెయ్యనివాడు వాదిస్తాడు. చేసినవాడు ఇంకా గట్టిగా వాదిస్తాడు. ఈయనేమో చెయ్యి చాపి మరీ తప్పు అడిగి పుచ్చుకుంటున్నాడు.

ఆమె సబ్బుపెట్టెని చేతిలోకి తీసుకుని చక్రం తిప్పింది. నూనె రాసినట్టు నున్నగా తిరిగింది.

"ఇలాంటి చక్రాలకి క్లిక్కులుంటాయి కదా?"

"ఉండేవి. లోపలి స్ప్రింగు పీకేశాను. జీవితమంతా టిక్కుటిక్కులే విన్నాను, ఇక చాలనిపించింది," అన్నాడు మావయ్య. ఆ ఒక్క జవాబూ తడుముకోకుండా వచ్చింది.

కోటు ముందుకొచ్చాడు. "ఇందులో అంత తవ్వాల్సిందేముంది మేడమ్? జేబులో రిమోటు ఉంది. మనిషి కూర్చున్నాడు. బటను నొక్కుకుంది, చక్రం తిరిగింది. గోరంత విషయం."

"అంత నమ్మకమా?"

"నూటికి నూరుపాళ్ళు."

"అయితే మీ కోటు జేబులో పెట్టుకుని కూర్చోండి. యంత్రం ఆన్‌లోనే ఉంది."

కోటు నవ్వి రిమోటు జేబులో వేసుకుని దర్జాగా కూర్చున్నాడు. యంత్రం కదల్లేదు. కొంచెం పక్కకి ఒరిగాడు. కదల్లేదు. కుర్చీలో ఎగిరెగిరి కూర్చున్నాడు. లేచి గోడకి రాసుకున్నాడు. చివరికి జేబుని రెండు చేతులా పట్టుకుని పిండి రుబ్బినట్టు రుబ్బాడు. పళ్ళ డాక్టరు నోరు మూసుకుని నవ్వు ఆపుకుంటున్నాడు, స్టూలు మీద మావయ్య భుజాలు కూడా ఊగుతున్నాయి.

"ఇక చాలు, కుట్లు ఊడతాయి," అంది ఆరా. "బటను నొక్కి పట్టుకుని, విడవకుండా చక్రం తిప్పాలి. అది కూర్చుంటే జరిగే పని కాదు. ఒక మనిషి కావాలని చెయ్యాలి."

"అంటే ఆయన కావాలనే చేశాడంటారా? నాకంటే మీరే గట్టి కేసు పెట్టారే!" అన్నాడు కోటు, నలిగిన జేబు సర్దుకుంటూ.

ఆరా బోర్డు మీదకి వంగింది. భూతద్దం తీసింది. గీత ఒకటే గానీ మధ్యలో మలుపు తిరిగింది. మొదట కుడివైపుకి జానెడు నడిచింది. అక్కడినుంచి ఒక్కసారిగా మూల తిరిగి, వెనకవైపుకి నడిచి, బోర్డుని పట్టి ఉంచిన ఇనప బిగింపుకి తగిలి ఆగిపోయింది. బిట్టు విరిగింది అక్కడే.

ఆమె గీత వెంట గోరు పోనిచ్చింది. గరగరమని దువ్వెన పళ్ళ మీద నడిచినట్టు నడిచింది. మలుపు దాటాక గోరు జారిపోయింది. ఆరా మళ్ళీ మొదటికొచ్చి మళ్ళీ చూసింది. మొదటి సగంలో సమానమైన ఎడంతో చిన్నచిన్న గంట్లు. రెండో సగం అద్దంలా నున్నగా ఉంది.

ఆరా మొహం విప్పారింది. ఇలాంటి క్షణం కోసమే ఆమె ఈ వృత్తిలో ఉంది. భోజనం మానేసినా, నిద్ర మానేసినా, ఇది మాత్రం మానలేదు.

"డాక్టరుగారూ, ఒక చెక్కముక్క ఇప్పించండి. ఒక పాత బిట్టు కూడా."

పాత బిట్టు బిగించి, కొస చెక్కకి ఆనించి, మావయ్య రిమోటుతో ఆమే చక్రం తిప్పింది. కీచుమంటూ గీత పడింది. నున్నటి గీత. నెమ్మదిగా తిప్పినా నున్ననే. వేగంగా తిప్పినా నున్ననే.

"ఈ చక్రానికి క్లిక్కుల్లేవు. చెయ్యి ఎక్కడా ఆగదు, గీత ఎక్కడా ఆగదు," అంది. "బోర్డు మీద మొదటి గీత చూడండి. అడుగడుక్కీ ఆగి నడిచింది. టకటకమని మీరు విన్నది అదే. క్లిక్కులున్న చక్రం తిప్పితే ప్రతి క్లిక్కుకీ చెయ్యి ఒక్క పిసరు ఆగుతుంది, యంత్రం కూడా ఆగుతుంది, ఆగిన చోటల్లా గంటు పడుతుంది. ఆ గీతని మొదలుపెట్టింది ఈ రిమోటు కాదు."

"మరి?"

"ఇంకో రిమోటు ఉంది."

కోటు చప్పట్లు కొట్టాడు. "ఒకదానితోనే చస్తుంటే ఇంకోటా! ఎవరి చెవిలో పూలు పెడుతున్నారు మేడమ్? ఈ ఊళ్ళో ఇలాంటిది చేసే మనిషి ఒక్కడే, ఆ స్టూలు మీదున్నాడు."

ఆ స్టూలు మీదున్న మనిషి చేతిలోంచి స్క్రూడ్రైవరు జారి ఠంగున కింద పడింది. "అక్కర్లేదమ్మా," అన్నాడు మావయ్య గాభరాగా. "ఇంకో రిమోటూ లేదు, ఇంకోటీ లేదు. తప్పు నాదే. తీర్మానం పెట్టేసుకోండి, సంతకం ఎక్కడ చెయ్యాలి?"

అంటూ మళ్ళీ పైకప్పు వైపు చూశాడు.

ఈసారి ఆరా కూడా చూసింది. పైన కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

ఆమె రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తింది. వెనకే కోటు మూడేసి మెట్లు ఎక్కబోయి, మధ్యలో మానుకుని, రొప్పుతూ వచ్చాడు.

అత్తయ్య కుట్టుగది యంత్రానికి సరిగ్గా నెత్తిన ఉంది. గుమ్మం నుంచి గోడదాకా గుడ్డపేలికలు, దారపు రీళ్ళు. అత్తయ్య లేచి నిలబడి, పాదాల దగ్గరున్న ముక్కల బుట్టని మడమతో మిషను కిందకి తోసింది. తోయడం ఆరా చూసింది. చూసిందని అత్తయ్య చూసింది.

"దొంగ దొరికాడామ్మాయ్?"

"దగ్గర్లోనే ఉన్నాడత్తయ్యా. మీ వేలికేమైంది?"

"సూది గుచ్చుకుంది."

"సూది గుచ్చుకుంటే బొబ్బ ఎక్కదు."

అత్తయ్య వేలు కొంగులో దాచుకుంది. ఆరా మిషను బల్ల మీది గుండీల డబ్బాలోకి చూసింది. తెల్ల గుండీల మధ్య మెరుస్తూ ఒక చిన్న లోహపు చుక్క. టంకం కరిగి రాలి గట్టిపడిన చుక్క. దానికి నాలుగు చిల్లులు లేవు గనుక గుండీ అని బుకాయించడానికి వీల్లేదు.

"నిన్న టీ వేళ ఏం చేశారు?"

"ఆయన కింద టీకి కూర్చున్నప్పుడేగా నాకు తీరిక. అప్పుడైతే పైకి రారు." నోరు జారానని తెలిసి అత్తయ్య పెదవి కొరుక్కుంది. ఒక క్షణం కోటునీ, ఒక క్షణం ఆరానీ చూసి, ఇక లాభం లేదనుకుని బుట్ట బయటికి లాగింది. అడుగు నుంచి ఒక వస్తువు తీసింది.

అది కూడా రిమోటే. కానీ సబ్బుపెట్టె కాదు. మగవాడి అరచేతిలో సరిగ్గా ఒదిగేలా దూది కూరి, మెత్తటి గుడ్డ తొడుగు కుట్టి ఉంది. చక్రం పెద్దది, అంచుకి పళ్ళున్నాయి. ఆరా తిప్పబోయి ఆగి, ముందు బ్యాటరీ ఊడదీసి, తర్వాత తిప్పింది. టక్. టక్. టక్. ఒక్కో క్లిక్కూ అరచేతి లోపలిదాకా కొట్టింది.

"చక్రం తిప్పి చూశారా నిన్న?"

"దీపం వెలుగుతోందో లేదో చూద్దామని బటను నొక్కి, ఓ నాలుగు తిప్పులు..." అత్తయ్య మాట అక్కడే ఆగిపోయింది. ఆవిడ చూపు నేల మీదకి వెళ్ళింది. ఆ నేల కింద ఏముందో ఇప్పుడు గుర్తొచ్చింది. "అయ్యో! ఇది యంత్రానికి పరిచయం చెయ్యందే పలకదనుకున్నానే!"

"లోపలి ప్రోగ్రాము ఎక్కడిది?"

"ఆయన దాన్నే ఉన్నదున్నట్టు ఇందులోకి ఎక్కించాను. ఆయన చేస్తుంటే చూసి నేర్చుకున్నాను."

"యంత్రం గుర్తుపట్టే నంబరు కూడా దాంతోపాటే ఎక్కింది. ఇది పలికితే మావయ్యగారి రిమోటే పలికిందనుకుంది యంత్రం." ఆరాకి ఇక నవ్వు ఆగలేదు. "నన్ను పెట్టుకుందీ మీరే, దొంగని పట్టుకోమందీ మీరే! నా అనుభవంలో ఇంత నిజాయితీగల దొంగని చూడలేదత్తయ్యా!"

అత్తయ్య నవ్వలేదు. "ఆయన టిక్కులు విసుగెత్తి తీసేశానని అందరికీ చెబుతారు. అబద్ధం. వేలికొసలకి ఆ టిక్కు తెలియడం మానేసింది. అన్నేళ్ళు సన్న పని చేసిన వేళ్ళమ్మా, మొద్దుబారిపోయాయి. ఆ సంగతి నాకు కూడా చెప్పలేదు. ఓసారి చీకట్లో నా చేతిగాజు అనుకుని తలుపు గొళ్ళెం పట్టుకున్నప్పుడు నాకు తెలిసింది. అందుకే అరచేతికి తగిలేలా పెద్ద పళ్ళు పెట్టి చేశాను. రేపు మా పెళ్ళిరోజు."

కోటు మొహం తిప్పుకుని కిటికీలోంచి దీక్షగా బయటికి చూశాడు. అక్కడ చూడ్డానికి ఎదురింటి గోడ తప్ప ఏమీ లేదు.

ముగ్గురూ కిందికొచ్చేసరికి మీటింగు బల్ల చుట్టూ కుర్చీలు వేసి ఉన్నాయి. అత్తయ్య కొంగులో రిమోటు దాచుకుని మావయ్యకి దూరంగా నిలబడింది. పళ్ళ డాక్టరుని ఆరా పక్కకి పిలిచి చెవిలో అంతా చెప్పింది. ఆయన వింటూ వింటూ ముక్కున వేలేసుకున్నాడు. "తీర్మానం లేదు గీర్మానం లేదు," అని కాగితం చింపేశాడు. "బోర్డు సంగతి నాకొదిలెయ్యండి. ఆ గీతని పిప్పిపన్ను పూడ్చినట్టు పూడుస్తాను. నేను పూడ్చింది ఈనాటిదాకా ఒక్కటీ ఊడిరాలేదు."

అంతటితో వదిలేస్తే బాగుండేది. అత్తయ్య కళ్ళతోనే వదిలెయ్యమని బతిమాలింది. కానీ గీతలో రెండో సగం ఆరా గోటి కింద ఇంకా నున్నగా జారుతూనే ఉంది. జవాబు దొరకని ప్రశ్నని దిండు కింద పెట్టుకుని నిద్రపోవడం ఆమెకి చేతకాదు.

"మావయ్యగారూ, మొదటి గీత మీది కాదు. మలుపు తర్వాతది మాత్రం మీదే."

కోటు ఎగిరి గంతేశాడు. "చెప్పానా! జేబులో చెయ్యి! సగం కేసు నాదే!"

"సగం మీదే, ఒప్పుకుంటున్నాను. కూర్చోండి," అంది ఆరా. "చెప్పండి మావయ్యగారూ."

"అద్దంలోంచి బిట్టు పాకడం చూశాను," అన్నాడు మావయ్య. "పైకెత్తేద్దామని జేబులో చెయ్యి పెట్టి చక్రం తిప్పాను. మీట చూసుకోలేదు. పైకీ కిందకీ ఉండాల్సింది ముందుకీ వెనక్కీ ఉంది. పైకి లేస్తుందనుకున్నది వెనక్కి పరిగెత్తి బిగింపుని గుద్దుకుంది. ఈ రిమోటు పట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఒక్కసారైనా చేసే పనే."

"యంత్రాన్ని ఆపే ఎర్ర బటను నొక్కొచ్చుగా?" అన్నాడు డాక్టరు.

"నొక్కితే యంత్రం తానెక్కడుందో మర్చిపోతుంది. అక్షరాలన్నీ మళ్ళీ మొదటికొస్తాయి. బోర్డు పోతుంది."

"సరే, అది చెప్పొచ్చుగా!" అన్నాడు డాక్టరు. "మీ అంతట మీరు కదిలించలేదని అప్పుడే తేలిపోయేది. ఎందుకు తప్పు నెత్తినేసుకున్నారు?"

మావయ్య అత్తయ్య వైపు చూశాడు.

ఆ చూపుతో ఆరాకి అంతా తెలిసిపోయింది. "టకటకమని వినగానే మీకు తెలిసింది కదూ? పైన ఎవరు తిప్పుతున్నారో?"

"ఏవండీ?" అంది అత్తయ్య. "మీకు తెలుసా?"

"నెల్లాళ్ళుగా నీ కొంగుకి టంకం పొగ వాసన వస్తోందోయ్. మిషను ఆడాల్సిన వేళ పైన చడీచప్పుడూ ఉండదు. నా స్పేరు ముక్కల్లో ఒకటి మాయమైంది. నువ్వు ఇల్లంతా తిరుగుతూ మాటిమాటికీ నా వంక చూసి నీలో నువ్వే నవ్వుకుంటున్నావు." మావయ్య తల దించుకున్నాడు. "రేపటిదాకా నోరు కుట్టేసుకుంటే చాలనుకున్నాను."

"ఈ సాయంత్రమే యంత్రం మీ చేతిలోంచి పోయేది కదండీ!"

"పోతే ఇంకోటి చేసుకుంటాను. నన్ను ఆశ్చర్యపెడదామని నువ్వు నెల్లాళ్ళు దాచుకున్న నవ్వుని మళ్ళీ నేనెక్కణ్ణుంచి తెచ్చేది?"

అత్తయ్యకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గబగబా వెళ్ళి ఆ గుడ్డ తొడుగు రిమోటుతోనే ఆయన భుజం మీద ఒక్కటిచ్చి, రేపటిదాకా ఆగకుండా దాన్ని ఆయన అరచేతిలో కుక్కింది.

మావయ్య వేళ్ళు దాని చుట్టూ ఒదిగాయి. చక్రాన్ని ఒక్క పన్ను తిప్పాడు. టక్‌మంది.

"తెలుస్తోందా?" అంది అత్తయ్య.

ఆయన ఇంకో పన్ను తిప్పాడు. చికిలించిన కన్ను మెల్లగా తెరుచుకుంది. కోటు అప్పటికే జేబురుమాలు కోసం జేబులన్నీ వెతుక్కుంటున్నాడు.

"తెలుస్తోందే," అన్నాడు మావయ్య.